అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన నాలుగో వారంలో జ్వరం, ఒళ్లంతా దద్దు: ఒక డ్రెస్ కేస్ స్టడీ

డ్రెస్ (DRESS) అంటే మందు వల్ల వచ్చే తీవ్రమైన ప్రతిచర్య: జ్వరం, దద్దుతో పాటు తరచూ ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి, కాలేయం, కిడ్నీ లాంటి లోపలి అవయవాలు దెబ్బతింటాయి. రోగి 58 ఏళ్ల మహిళ, బరువు 62 కిలోలు. చాలాకాలంగా బీపీకి టెల్మిసార్టాన్ 40, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 మి.గ్రా. కలిసిన మాత్ర వాడుతున్నారు. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఏడాదిగా 1.4 దగ్గర నిలకడగా ఉంది; ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత శక్తి) లెక్క కడితే 43. సాధారణ రక్తపరీక్షల్లో యూరిక్ యాసిడ్ 8.4 అని తేలడంతో దాన్ని తగ్గించే అల్లోప్యూరినాల్ 300 మి.గ్రా. రోజుకొకటి రాశారు. ఆమెకు గౌట్ నొప్పి ఒక్కసారి కూడా రాలేదు, కిడ్నీలో రాళ్లూ లేవు.

మాత్ర మొదలుపెట్టిన 23వ రోజున జ్వరం, గొంతునొప్పి, విపరీతమైన నీరసం. 25వ రోజున గొంతు ఇన్ఫెక్షన్ అనుకుని అమాక్సిసిలిన్ 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, పారాసిటమాల్ ఇచ్చారు. 27వ రోజున ముఖం మీద, ఛాతీ మీద దురదతో ఎర్రటి దద్దు లేచింది. పెన్సిలిన్ అలర్జీ అని చెప్పి అమాక్సిసిలిన్ ఆపేశారు. 28వ రోజు సాయంత్రం డెక్సామెథసోన్ 8 మి.గ్రా. ఇంజెక్షన్ ఒకటి పడింది. మర్నాడు ఉదయం చేసిన పరీక్షలో తెల్లకణాలు 13,400, ఇయోసినోఫిల్స్ 3 శాతం, కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ 236. ఇయోసినోఫిల్స్ మామూలుగానే ఉన్నాయని ఊరుకున్నారు. అల్లోప్యూరినాల్ మాత్రం ఎవరూ ఆపమనలేదు. 31వ రోజున ఆసుపత్రిలో చేరిన ఉదయం కూడా ఆమె ఆ మాత్ర వేసుకునే వచ్చారు.

చేరినప్పుడు కనిపించినవి

జ్వరం 39.1 డిగ్రీల సెల్సియస్, నాడి 112, బీపీ 104/66. ముందుగా కంటపడింది ముఖం. కళ్ల చుట్టూ, నుదుటి మీద, బుగ్గల మీద వాపు; చెవి తమ్మెలు మందంగా ఉబ్బి ఎర్రబడి ఉన్నాయి. దద్దు ఉన్న చోట చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే దళసరిగా తగిలింది. చేతులు, వీపు, పొట్ట, తొడలు అన్నిటి మీదా దద్దు పరుచుకుంది. వేళ్లతో కలిపి రోగి అరచేయి ఒంటి మీద 1 శాతం అనుకుని లెక్కిస్తే దాదాపు 70 శాతం వచ్చింది. పిక్కల మీద దద్దు ఊదారంగులో ఉంది, అద్దంతో నొక్కినా రంగు పోలేదు. పెదవులు ఎండి పగిలాయి తప్ప నోట్లో, కళ్లలో, జననాంగాల దగ్గర పుండ్లు లేవు. చర్మాన్ని వేలితో రుద్దితే పొర ఊడలేదు. మెడలో, చంకల్లో, గజ్జల్లో ఒకటిన్నర నుంచి 2 సెం.మీ. బిళ్లలు (వాచిన లింఫ్ గ్రంథులు). కాలేయం పక్కటెముకల కింద 2 సెం.మీ. చేతికి తగిలింది.

ఆ రోజు రిపోర్టుల్లో తెల్లకణాలు 17,800. ఇయోసినోఫిల్స్ 22 శాతం, అంటే మొత్తం సంఖ్య 3,916. స్మియర్‌లో అసాధారణ లింఫోసైట్లు 8 శాతం. ఏఎల్‌టీ 412, ఏఎస్‌టీ 296, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 310, బిలిరుబిన్ 2.1, రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్ఆర్ 1.2. క్రియాటినిన్ 2.6కు పెరిగింది. మూత్రంలో ప్రొటీన్ ఒక ప్లస్, చీముకణాలు 10 నుంచి 15, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. ఎక్స్‌రే, ట్రోపోనిన్, ఎకో బాగానే ఉన్నాయి.

రెండు రోజుల క్రితం 402 ఉన్న ఇయోసినోఫిల్స్ ఇప్పుడు 3,916 కావడం ఆశ్చర్యంగా కనిపించవచ్చు. కారణం ఆ డెక్సామెథసోన్ ఇంజెక్షనే. స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే రక్తంలోని ఇయోసినోఫిల్స్ పడిపోతాయి, ప్రభావం తగ్గగానే మళ్లీ పెరుగుతాయి. అందుకే స్టెరాయిడ్ పడ్డాక తీసిన ఒక్క రిపోర్టును పట్టుకుని డ్రెస్ కాదని కొట్టేయకూడదు. స్టెరాయిడ్ పడకపోయినా, దద్దు వచ్చిన వారం పది రోజుల తర్వాత గానీ ఇయోసినోఫిల్స్ పెరగని రోగులున్నారు. అసలు పెరగనివాళ్లూ ఉన్నారు. అనుమానం ఉన్నంతకాలం రెండు మూడు రోజులకోసారి డిఫరెన్షియల్ కౌంట్ (తెల్లకణాల్లో ఏ రకం ఎంత శాతమో చెప్పే లెక్క), ఏఎల్‌టీ, క్రియాటినిన్ చేయిస్తూ ఉండాలి.

తేదీలు రాసుకుంటే తేలేది

ఈ కేసులో అసలు మందును పట్టించింది ఏ ఖరీదైన పరీక్షా కాదు, తేదీల కాగితం. ఒక గీత గీసి, గత 12 వారాల్లో వేసుకున్న ప్రతి మందు ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో దాని మీద గుర్తు పెట్టాలి. జ్వరం తేదీ, దద్దు తేదీ వేర్వేరుగా వేయాలి, ఎందుకంటే డ్రెస్‌లో తరచూ జ్వరమే ముందు వస్తుంది. రోగిని "ఏం మందులు వాడుతున్నారు" అని అడిగితే సరిపోదు. యూరిక్ యాసిడ్ మాత్ర, మూర్ఛ మాత్ర, టీబీ కోర్సు, మొటిమలకు మినోసైక్లిన్, కీళ్లకు సల్ఫాసలజైన్, డాప్సోన్ అని పేరుపేరునా అడగాలి. రోజూ వేసుకునే మాత్రను చాలామంది మందుల లెక్కలోనే చెప్పరు. మాత్రల అట్టలు, పాత చీటీలు తెప్పించి చూడటం మరీ మంచిది.

మందు వల్ల వచ్చే తీవ్రమైన చర్మ ప్రతిచర్యలకు ఒక్కోదానికి ఒక్కో వ్యవధి ఉంటుంది. చిన్న చిన్న చీము పొక్కులతో వచ్చే ఏజెప్ సాధారణంగా 4 రోజుల్లోపే వస్తుంది. మామూలు మందు దద్దు 4 నుంచి 14 రోజుల్లో. చర్మం పొర ఊడి, నోట్లో, కళ్లలో పుండ్లు పడే స్టీవెన్స్ జాన్సన్ 4 నుంచి 28 రోజుల్లో. డ్రెస్ మాత్రం 2 నుంచి 8 వారాలు తీసుకుంటుంది. ఈ ఆలస్యమే అందరినీ తప్పుదారి పట్టిస్తుంది. నెల రోజులుగా ఇబ్బంది లేకుండా వేసుకుంటున్న మాత్ర మీద ఎవరి చూపూ పోదు, నిన్న మొన్న మొదలుపెట్టిన యాంటీబయాటిక్ దోషిగా నిలబడుతుంది.

ఈమెకు గీత గీసి చూస్తే జ్వరం 23వ రోజున, అమాక్సిసిలిన్ 25వ రోజున. జ్వరం వచ్చాక వేసుకున్న మందు ఆ జ్వరానికి కారణం కాలేదు. దద్దు నాటికి అమాక్సిసిలిన్ పడి రెండు రోజులే అయింది, అల్లోప్యూరినాల్ నాలుగో వారంలో ఉంది. అప్పుడు గొంతునొప్పి కూడా టాన్సిల్స్ ఇన్ఫెక్షన్ కాదు, డ్రెస్ తొలి లక్షణాల్లో ఒకటి.

స్కోరు వేయడం

డ్రెస్ ఎంత ఖాయమో అంకెల్లో చెప్పే రెజిస్కార్ స్కోరును చేరిన రోజున ఒకసారి, ఫలితాలన్నీ వచ్చాక మరోసారి వేయాలి. ఈమెకు తొలిరోజు లెక్క ఇలా వచ్చింది. కనీసం రెండు చోట్ల ఒక సెంటీమీటరు దాటిన బిళ్లలకు 1, ఇయోసినోఫిల్స్ 1,500 దాటినందుకు 2, అసాధారణ లింఫోసైట్లకు 1, దద్దు ఒంటి మీద సగం దాటినందుకు 1, ముఖం వాపు, చర్మం మందం కావడం, ఊదారంగు మచ్చలకు కలిపి 1, కాలేయం, కిడ్నీ రెండూ దెబ్బతిన్నందుకు 2. మొత్తం 8. జ్వరం 38.5 దాటితే వచ్చేది సున్నానే. లేకపోతే ఒకటి పోతుంది. జబ్బు 15 రోజులకు మించి సాగుతుందో లేదో అప్పటికి తెలియదు కనుక ఒకటి తీసేస్తే 7. ఐదు దాటితేనే నిశ్చితమైన డ్రెస్ కింద లెక్క. కాలేయానికి అంకె ఇవ్వాలంటే ఏఎల్‌టీ రెండు వేర్వేరు రోజుల్లో రెట్టింపు దాటి ఉండాలి. 29వ రోజు నాటి 236 ఇక్కడ పనికొచ్చింది. తర్వాత హెపటైటిస్ ఎ, బి, సి, ఈబీవీ వైరస్‌ల పరీక్షలు, ఏఎన్ఏ (లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బుల పరీక్ష), బ్లడ్ కల్చర్ నెగటివ్‌గా రావడం, జబ్బు వారాల పాటు సాగడంతో స్కోరు 9కి చేరింది.

బాహువు మీద 4 మి.మీ. పంచ్‌తో తీసిన బయాప్సీలో రక్తనాళాల చుట్టూ లింఫోసైట్లు, మధ్యమధ్య ఇయోసినోఫిల్స్, ఎపిడెర్మిస్ (చర్మం పైపొర) అడుగు వరుసలో కొద్దిపాటి కణనాశనం కనిపించాయి. ఎపిడెర్మిస్ మొత్తం చచ్చిపోయిన ఆనవాలు లేదు. బయాప్సీ ఒక్కదాంతో డ్రెస్ నిర్ధారణ కాదు. దాని ఉపయోగం ఇతర జబ్బులను పక్కన పెట్టడానికే. చర్మం మంట పుట్టినట్టు నొప్పి, పొర ఊడటం, నోరు, కళ్లు, జననాంగాల లోపలి పొరల్లో కనీసం రెండు చోట్ల పుండ్లు ఉంటే స్టీవెన్స్ జాన్సన్ వైపు ఆలోచించాలి. బిళ్లలు, అసాధారణ లింఫోసైట్లు చూసి లింఫోమా అనుకోవడం, జ్వరం, దద్దు, ఏఎల్‌టీ చూసి వైరల్ జ్వరం అనుకోవడం తరచూ జరిగేవి. ఈ రెండు దారుల్లోనూ అసలు మందు ఇంకొన్నాళ్లు ఒంట్లోకి పోతూనే ఉంటుంది.

మొదటి రెండు రోజులు

అల్లోప్యూరినాల్ అప్పటికప్పుడే ఆగింది. క్రియాటినిన్ పెరిగి బీపీ తక్కువగా ఉండటంతో టెల్మిసార్టాన్, థయజైడ్ కూడా ఆపారు. జ్వరానికి కొత్త యాంటీబయాటిక్ ఏదీ మొదలుపెట్టలేదు. ఇది గట్టిగా నిలబడాల్సిన చోటు. డ్రెస్ చెలరేగి ఉన్నప్పుడు రోగనిరోధక వ్యవస్థ ఏ కొత్త మందు మీదనైనా తిరగబడగలదు; అమాక్సిసిలిన్‌తో దద్దు ఎక్కువైన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. రుజువైన ఇన్ఫెక్షన్ లేకుండా యాంటీబయాటిక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, అలవాటుగా రాసే గ్యాస్ మాత్ర వద్దు. పాంటోప్రజోల్ రకం మందులు వాటంతటవే కిడ్నీలో ఇలాంటి అలర్జీ వాపు తెస్తాయి.

స్టెరాయిడ్‌కు ముందు బ్లడ్ కల్చర్లు, హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్, కోర్ యాంటీబాడీ, టీబీకి ఇగ్రా, స్ట్రాంజిలాయిడ్స్ యాంటీబాడీ, షుగర్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పంపారు. స్ట్రాంజిలాయిడ్స్ పురుగు కూడా ఇయోసినోఫిల్స్‌ను పెంచుతుంది. అది లోపల ఉండగా స్టెరాయిడ్ ఇస్తే ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్ఫెక్షన్ పరీక్షలన్నీ నెగటివ్.

ఆసుపత్రిలో చేరిన రెండో రోజున ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ 60 మి.గ్రా. ఉదయం ఒకే మోతాదుగా మొదలైంది. కిలోకు 1 మి.గ్రా. లెక్క. లోపలి అవయవాలు దెబ్బతినని తేలికపాటి డ్రెస్‌కు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ పూత ఒక్కటే చాలవచ్చు గానీ, ఏఎల్‌టీ పది రెట్లు దాటి కిడ్నీ కూడా జారుతున్నప్పుడు ఆగడానికి వీల్లేదు. ఒంటికి క్లోబెటసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్ రోజుకు రెండుసార్లు, ముఖానికి హైడ్రోకార్టిసోన్ 1 శాతం, వాటి మధ్య వైట్ సాఫ్ట్ పారాఫిన్, లిక్విడ్ పారాఫిన్ సమపాళ్లలో ధారాళంగా. పొట్టు రాలే దశలో ఒంటి వేడి, నీరు రెండూ చర్మం గుండా పోతాయి కాబట్టి గది వెచ్చగా ఉంచి, మూత్రం లెక్క చూస్తూ ద్రవాలు ఇచ్చారు.

నాలుగు వారాలకు మించి 20 మి.గ్రా. పైన స్టెరాయిడ్ నడుస్తుంటే న్యుమోసిస్టిస్ న్యుమోనియాకు ముందు జాగ్రత్త తీసుకోవాలా అన్న ప్రశ్న వస్తుంది. చేతికి అలవాటైన మందు కోట్రైమాక్సజోల్. అదే డ్రెస్ తెచ్చే మందుల్లో ముందు వరుసలో ఉంది. దాని బదులు రాసే డాప్సోన్ అంతకన్నా తక్కువేమీ కాదు. ఈమెకు అటోవక్వోన్ 1,500 మి.గ్రా. భోజనంతో ఇచ్చారు.

జ్వరం 48 గంటల్లో దిగింది. మందు ఆపాక కూడా అంకెలు మాత్రం ఇంకా పైకే వెళ్లాయి: ఏఎల్‌టీ నాలుగో రోజున 688, బిలిరుబిన్ 3.4, క్రియాటినిన్ ఐదో రోజున 3.4, పొటాషియం 5.4. ఇలా అవుతుందని కుటుంబానికి ముందే చెప్పి ఉంచడం అవసరం, లేకపోతే వైద్యం పనిచేయడం లేదన్న భయంతో వేరే మందులు వెతుకుతారు. ఈ దశలో రోజూ చూడాల్సింది ఏఎల్‌టీ కన్నా ఐఎన్ఆర్, మాటలో తడబాటు, మగత. డ్రెస్‌లో ప్రాణం తీసేది చాలాసార్లు కాలేయ వైఫల్యమే. ఐఎన్ఆర్ 1.3 దాటలేదు. మూత్రం ఒక రోజు 900 మి.లీ.కి తగ్గి మళ్లీ పెరిగింది, డయాలిసిస్ అవసరం పడలేదు. స్టెరాయిడ్‌తో షుగర్ 268కి వెళ్తే ఉదయం ఎన్‌పీహెచ్ ఇన్సులిన్ ఇచ్చారు. చేరిన 12వ రోజుకి ఏఎల్‌టీ 180, క్రియాటినిన్ 2.1, ఇయోసినోఫిల్స్ 240.

తగ్గించేటప్పుడు తిరగబెట్టింది

రెండు వారాల పాటు 60, తర్వాత వారానికి 10 చొప్పున తగ్గిస్తూ ఆరో వారంలో 20 మి.గ్రా.కి వచ్చారు. నాలుగు రోజులకే 38.3 జ్వరం, ఛాతీ మీద మళ్లీ దద్దు, ఇయోసినోఫిల్స్ 1,640, ఏఎల్‌టీ 210. కొత్త మందు ఏదీ వేసుకోలేదు. ఇక్కడ రెండు విషయాలు పెనవేసుకుని ఉంటాయి. డ్రెస్‌లో హెచ్‌హెచ్‌వీ-6, సైటోమెగలో (సీఎంవీ) లాంటి హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు నిద్రలేస్తాయి. హెచ్‌హెచ్‌వీ-6 తరచూ జబ్బు మొదలైన రెండు మూడు వారాల్లో, సైటోమెగలో ఆ తర్వాత. తిరగబెట్టినప్పుడు స్టెరాయిడ్ పెంచితే వైరస్‌కు బలం, పెంచకపోతే కాలేయానికి ముప్పు.

రక్తంలో సీఎంవీ పీసీఆర్ 5,200 యూనిట్లు వచ్చింది. కడుపునొప్పి, నల్లటి విరేచనాలు లేవు, మలంలో రక్తం లేదు. పేగులో సీఎంవీ పుండు పడి రక్తం కారడం ఈ దశలో ఆకస్మిక మరణాలకు తెలిసిన కారణం, కాబట్టి హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడితే ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు. ప్రెడ్నిసొలోన్ 40కి పెంచి, సీఎంవీ మీద పనిచేసే వాల్‌గాన్‌సైక్లోవిర్ కలిపారు. అప్పటి క్రియాటినిన్ 1.6, దాన్నుంచి కిడ్నీల క్లియరెన్స్ లెక్క కడితే 37. ఆ లెక్కన మోతాదు 450 మి.గ్రా. రోజుకొకసారి. కిడ్నీ లెక్క చూడకుండా పూర్తి మోతాదు 900 రెండుసార్లు ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు కూలిపోతాయి. వారం తేడాతో రెండు పీసీఆర్‌లు నెగటివ్ అయ్యాక, మూడు వారాలకు ఆపారు. అవయవం దెబ్బతినకుండా రక్తంలో మాత్రమే వైరస్ ఉన్నప్పుడు ఏ అంకె దగ్గర మందు మొదలెట్టాలన్న దానిపై ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ స్టెరాయిడ్ పెంచక తప్పని పరిస్థితే నిర్ణయాన్ని మందు వైపు నడిపింది.

రెండోసారి తగ్గింపు రెండు వారాలకు 5 మి.గ్రా. చొప్పున సాగింది. 30 నుంచి ఒకేసారి 20కి దిగడం మూడో వంతు తగ్గించడమే, 60 నుంచి 50కి దిగడం ఆరో వంతే. కింది మెట్లు చిన్నవిగా ఉండాలన్నది దీన్ని బట్టే తెలుస్తుంది. ప్రతి మెట్టుకు ముందు కౌంట్, ఏఎల్‌టీ, క్రియాటినిన్ చూశారు. మొత్తం స్టెరాయిడ్ ఆరు నెలల దాకా నడిచింది. 5 మి.గ్రా. దగ్గర ఉదయం కార్టిసాల్ చూశాకే ఆపారు. స్టెరాయిడ్‌కు లొంగని, లేదా ఇవ్వడానికి వీల్లేని రోగులకు సైక్లోస్పోరిన్ పనికొస్తుంది గానీ, క్రియాటినిన్ పెరిగి ఉన్న ఈమెకు అది సరిపడదు. ఇమ్యునోగ్లోబులిన్‌ను ఒంటరిగా ఇచ్చిన ఫ్రెంచ్ అధ్యయనాన్ని దుష్ప్రభావాల వల్ల మధ్యలోనే ఆపేశారు.

ఐదో నెలలో విపరీతమైన అలసట, చలికి ఓర్వలేకపోవడం. స్టెరాయిడ్ తగ్గిస్తున్నందువల్లే అనుకోవడం తేలిక. టీఎస్‌హెచ్ 16.8, టీ4 తక్కువ, థైరాయిడ్ మీద తయారయ్యే టీపీఓ యాంటీబాడీలు పాజిటివ్. చేరినప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగానే ఉంది. డ్రెస్ తగ్గిన నెలల తర్వాత థైరాయిడ్ జబ్బు, అరుదుగా ఒక్కసారిగా విరుచుకుపడే టైప్ 1 షుగర్ రావడం తెలిసిందే. లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు మొదలుపెట్టారు. ఏడాది పూర్తయ్యేదాకా మూడు నెలలకోసారి టీఎస్‌హెచ్, షుగర్ చూడాలి.

ఈ మందే ఎందుకు

అల్లోప్యూరినాల్ ఒంట్లో గంట రెండు గంటలే ఉంటుంది. అది మారి ఏర్పడే ఆక్సిప్యూరినాల్ మాత్రం ఆరోగ్యకరమైన కిడ్నీలున్నా సగం తగ్గడానికి ఒక రోజు దాకా పడుతుంది, కిడ్నీలు బాగా దెబ్బతింటే వారం వరకు పట్టవచ్చు. ఆ ఆక్సిప్యూరినాల్ హెచ్‌ఎల్‌ఏ-బి*58:01 అనే అణువుకు అతుక్కుని టీ కణాలను రెచ్చగొడుతుంది. 2005లో తైవాన్ నుంచి వచ్చిన అధ్యయనంలో తీవ్ర ప్రతిచర్య వచ్చిన 51 మందిలో 51 మందికీ ఈ జన్యురకం ఉంది. మందు తట్టుకున్న 135 మందిలో 20 మందికే ఉంది. ఈమె పరీక్ష కూడా పాజిటివ్ వచ్చింది. అయితే ఇది ఉన్నవాళ్లలో అత్యధికులకు మందు పడుతుంది కూడా, కాబట్టి జన్యువు ఒక్కటే కథ కాదు. కిడ్నీ బలహీనత, మొదటి మోతాదు ఎక్కువ కావడం దానికి తోడవుతాయి.

మొదటి మోతాదుకు వాడే లెక్క ఈజీఎఫ్ఆర్‌ను 1.5తో గుణించడం. ఈమెకు 64 వస్తుంది, అంటే 50 మి.గ్రా.తో మొదలుపెట్టాల్సిన మందు. 300తో మొదలైంది. అంతకంటే ముందు, గౌట్ లేకుండా యూరిక్ యాసిడ్ అంకె ఒక్కటే ఎక్కువైతే మందు వద్దని 2020 అమెరికన్ రుమటాలజీ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. యూరిక్ యాసిడ్ పెంచే మందుల్లో థయజైడ్ ఒకటి. దాన్ని ఆపి బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఇచ్చాక, కిడ్నీ కుదుటపడే సరికి యూరిక్ యాసిడ్ 7.1. యూరిక్ యాసిడ్ తగ్గించే మరో మందు ఫెబుక్సోస్టాట్ నిర్మాణం వేరైనా, ఆమెకు దాని అవసరమే లేదు.

రికార్డులో ఏం రాశారు

డిశ్చార్జి చీటీలోనూ, పర్సులో పెట్టుకునే కార్డులోనూ "అల్లోప్యూరినాల్: డ్రెస్, కాలేయం, కిడ్నీ, జీవితాంతం నిషిద్ధం" అని మందు జెనరిక్ పేరుతో, తేదీతో రాశారు. ఒట్టి "మందు అలర్జీ" అని రాస్తే తర్వాతి డాక్టరు దాన్ని మామూలు దురద అనుకుని చిన్న మోతాదుతో మళ్లీ ప్రయత్నించవచ్చు. డ్రెస్‌లో అల్లోప్యూరినాల్‌ను పరీక్షకైనా మళ్లీ మింగించకూడదు. దీనికి మందును చర్మం మీద అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ కూడా దాదాపు ఎప్పుడూ నెగటివే వస్తుంది, కాబట్టి ఆ నెగటివ్‌ను నమ్మడానికి లేదు.

పెన్సిలిన్ అలర్జీ అన్న మాటను వెంటనే కొట్టేయలేదు. తేదీల ప్రకారం అమాక్సిసిలిన్ కారణం కాకపోయినా, మంట మీదున్న రోజుల్లో ఒంట్లోకి పోయింది కనుక దాని మీద కూడా టీ కణాలు తయారై ఉండవచ్చు. స్టెరాయిడ్ ఆపిన ఆరు నెలల తర్వాత ప్యాచ్ టెస్ట్, చర్మంలోకి మందు ఎక్కించి 48 గంటలకు చదివే ఇంట్రాడెర్మల్ టెస్ట్ చేసి, నెగటివ్ వస్తే ఆ ముద్ర తీసేయాలని రాసి పెట్టారు.

ఇద్దరు పిల్లలకు ఒక్కొక్కరికి ఆ జన్యురకం వచ్చే అవకాశం కనీసం సగం. ఎప్పుడైనా అల్లోప్యూరినాల్ రాయాల్సి వస్తే ముందు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించమని వాళ్లకు కాగితం మీద ఇచ్చారు. ఆమె అన్నగారు గౌట్‌కు ఆరేళ్లుగా అదే మందు వాడుతున్నారు, భయపడి ఆపేద్దామనుకున్నారు. ఈ ప్రమాదం చాలావరకు మొదటి రెండు మూడు నెలల్లోనే ఉంటుంది. ఆరేళ్లు దాటిన ఆయన ఆపనవసరం లేదు. ఏ కారణం చేతనైనా కొంతకాలం మానేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే మాత్రం, ముందు ఆ పరీక్ష చేయించుకోవాలి.